బుల్లెట్‌కు సైడ్‌కారు: మనిషీ, రెండు కుక్కలూ కలిసి పోయేలా ఎలా కట్టించుకోవాలి?

చీనీతోట (అనంతపురం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాకు నార్పల వైపు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. అనంతపురంలోని మా ఇంటి నుంచి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, అందులో చివరి మూడు కిలోమీటర్లు గరుసు తోలిన మట్టిదారి. ఉద్యోగ విరమణ చేసినప్పటి నుంచి వారానికి మూడు నాలుగు సార్లు నేనూ, మా ఆవిడా అక్కడికి వెళ్లి పొద్దంతా ఉండి వస్తున్నాము. మాతోపాటు రెండు కుక్కలు కూడా రావాలి. టైగర్ తొమ్మిదేళ్ల నల్ల లాబ్రడార్, 28 కిలోల బరువు ఉంటాడు, వెనక కాళ్లలో కీళ్ల నొప్పి మొదలైంది. చిన్ని మాకు తోటలోనే దొరికిన నాటు కుక్క, 16 కిలోలు ఉంటుంది, ఒక్కచోట కుదురుగా నిలవదు. ఇన్నాళ్లూ తెలిసిన ఆటో అతను వాటిని ఎక్కించుకునేవాడు. అతను ఊరు మారిపోయాక కుక్కలంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు. రెంటినీ ఇంట్లో కట్టేసి పోతే, మేము తిరిగి వచ్చేదాకా టైగర్ గిన్నెలోని నీళ్లు కూడా ముట్టడు. గడప మీద తల ఆనించి పడుకునే ఉంటాడని పక్కింటివాళ్లు చెప్పినప్పటి నుంచి నాకు తోటలో మనసు నిలవడం లేదు.

నా దగ్గర 2014 నాటి బుల్లెట్ ఎలక్ట్రా ఉంది. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, వెనక డ్రమ్ము. మా ఆవిడ బరువు 62 కిలోలు. మోకాళ్ల నొప్పి వల్ల వెనక సీటు మీద కాళ్లు ముడుచుకుని పది కిలోమీటర్లు కూడా కూర్చోలేదు, కాళ్లు చాపుకోవడానికి చోటు కావాలి. మా వీధిలో కారు తిరగదు కాబట్టి ఆ ఆలోచన మానుకున్నాము. అందుకే ఆమె, రెండు కుక్కలూ కూర్చునేలా ఎడమవైపు సైడ్‌కారు (బండి పక్కన బిగించే ఒంటిచక్రం తొట్టి) కట్టించుకోవాలని ఉంది. ఇక్కడ ఒక వెల్డింగ్ షాపులో అడిగితే, పైపులతో చట్రం, పాత స్కూటరు చక్రం, రేకు తొట్టి, మూడు క్లాంపులు, అంతా కలిపి వారం తిరిగేసరికి చేతికిస్తానన్నాడు. అంత సులువుగా చెప్పేసరికి నాకు భయం వేసింది. మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి, కుక్కలను ఎక్కడ ఉంచాలి, ఈ ఇంజను ఆ బరువు లాగుతుందా, మన ఎండలకు కుక్కలు తట్టుకుంటాయా, చట్టం ఒప్పుకుంటుందా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాతషెడ్డు (కర్నూలు) జవాబు:

చీనీతోట గారికి నమస్కారం. నేను 1980లలో కర్నూలు పాతబస్టాండు దగ్గర ఒక షెడ్డులో పని నేర్చుకున్నాను. అప్పట్లో చేతక్ స్కూటరుకు సైడ్‌కారు ఉన్న ఇంట్లో భార్యాభర్తలు, పిల్లలు, కూరగాయల సంచీ అన్నీ ఒకే బండి మీద పోయేవి. స్కూటర్లకూ బుల్లెట్లకూ చాలా సైడ్‌కార్లు బిగించాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

సైడ్‌కారు తగిలించిన మరుక్షణం మీ బుల్లెట్ వంగి మలుపు తిరగడం మానేస్తుంది, హ్యాండిల్ తిప్పితేనే తిరుగుతుంది. ముప్పై ఏళ్లుగా ఒంటికి పట్టిన అలవాటు మొత్తం మార్చుకోవాలి. ఎడమవైపు మలుపులో వేగంగా తిరిగితే సైడ్‌కారు చక్రం నేల విడిచి లేస్తుంది. కుడివైపు మలుపులో బరువంతా సైడ్‌కారు మీదికి ఒరుగుతుంది, అప్పుడే బ్రేకు కూడా గట్టిగా వేస్తే తొట్టి ముక్కు నేలకు దిగుతుంది. బరువు ఎక్కడ పెట్టాలన్న మీ ప్రశ్నకు జవాబు ఈ రెంటిలోనే ఉంది.

మీ విషయంలో చిక్కు ఏమిటంటే, ఈ తొట్టి ఒక్కో రోజు ఒక్కో బరువు మోయాలి. ఒకరోజు వదినగారూ కుక్కలూ ఉంటారు. ఒకరోజు కుక్కలే ఉంటాయి. ఒకరోజు మీరు ఎరువు తేవడానికి ఖాళీ తొట్టితో పోతారు. అందరూ నిండు బరువునే తలచుకుని భయపడతారు గానీ, బోల్తా పడేది ఎక్కువగా ఖాళీ బండే. దానికి తోడు కుక్కది కదిలే బరువు. మనిషి మలుపును ముందుగానే చూసి సర్దుకుంటాడు, కుక్క మేకను చూసి అటు దూకుతుంది. తొట్టి కొలతలు గీసేటప్పుడు ఈ మూడు రోజులనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక లెక్క చెబుతాను. సైడ్‌కారు చక్రం ఇరుసును బండి వెనక ఇరుసు కంటే 150 నుంచి 200 మిల్లీమీటర్లు ముందుకు ఉంచండి. దాన్ని మేము లీడ్ అంటాము. తొట్టిలోని బరువు ఆ ఇరుసు గీత దగ్గరగా, కొంచెం ముందుకు మొగ్గుతూ ఉండాలి. వదినగారి సీటు మధ్యభాగం ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందు పెడితే 62 కిలోలను 30తో గుణించగా 1860 వస్తుంది. కుక్కలు రెండూ కలిపి 44 కిలోలు, వాటి చోటు మధ్యభాగం ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక ఉంటే 1320. ముందువైపు కొంచెం ఎక్కువ ఉంది, అలాగే ఉండాలి. ఆమె కాళ్లు చాపుకోవడానికి ముందంతా ఖాళీగా దొరుకుతుంది. కుక్కల అరను ఇంకా వెనక్కి జరిపి, సామాను పెట్టె కూడా అక్కడే పెట్టారంటే ఆ లెక్క తిరగబడి, తొట్టి ముక్కు తేలుతుంది, బండి ముందు చక్రానికి పట్టు తగ్గుతుంది. వదినగారు రాని రోజున 44 కిలోలూ ఇరుసు వెనకే మిగులుతాయి కాబట్టి, ఆమె సీటు మడత పెట్టి పైకెత్తేలా చేయించి, ఆ రోజు టైగర్‌ను ముందుకు మార్చండి. ఖాళీగా పోయే రోజున పాతిక కిలోల ఇసుక మూటను సీటు కింద, కదలకుండా పట్టీతో బిగించి పెట్టుకోండి.

మూడు క్లాంపులు చాలవు. కింద రెండు, పైన రెండు, మొత్తం నాలుగు చోట్ల బిగింపు ఉండాలి. పై రెండింటి పొడవు మరచుట్టు తిప్పి సవరించుకునేలా ఉంటేనే తరువాత బండి వాలును సరిచేసుకోగలరు. బుల్లెట్ చట్రానికి నేరుగా వెల్డింగు పెట్టనివ్వకండి. వేడికి ఆ పైపు గుణం మారి పక్కనే పగులు వస్తుంది. రెండు ముక్కల క్లాంపు చేయించి, లోపల పైపు వంపుకు సరిపోయేలా లేతు మీద తొలిపించి, బోల్టులు వదులవకుండా చెక్ నట్టుగానీ స్ప్లిట్ పిన్నుగానీ వేయించండి. ఎడమవైపు సైడ్ స్టాండు తీసేయించండి, దాని అవసరం ఇక ఉండదు.

తరువాత దారం పని, అంటే మూడు చక్రాల వరస సరిచూడటం. దీన్ని మీ కళ్లముందే, మీ బరువు సీటు మీదా, వదినగారి బరువు తొట్టిలోనూ ఉన్నప్పుడే చేయించండి. తలుపు చట్రాలకు వాడే నిటారైన అల్యూమినియం పైపులు రెండు తెచ్చి, ఒకటి బండి రెండు చక్రాలకూ ఆనించి, ఇంకొకటి సైడ్‌కారు చక్రానికి ఆనించి, నేలకు పది సెంటీమీటర్ల ఎత్తులో ఇటుకల మీద నిలబెట్టాలి. ముందు టైరు వెనక టైరు కంటే సన్నగా ఉంటుంది కాబట్టి ఆ తేడాకు చిన్న చెక్కముక్క పెట్టుకోవాలి. బండి ముందు చక్రానికి ముందరా, వెనక చక్రానికి వెనకా ఆ రెండు పైపుల నడుమ దూరం కొలిస్తే, ముందర దూరం వెనకటి కంటే 15 నుంచి 20 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. అంటే సైడ్‌కారు చక్రం కాస్త బండి వైపు చూస్తూ ఉండాలి. అది లేకపోతే బండి ఎప్పుడూ ఎడమకు లాగుతుంది, మరీ ఎక్కువైతే ఆ టైరు వెయ్యి కిలోమీటర్లకే రంపపు పళ్లలా అరుగుతుంది. ఆ తరువాత తాపీమేస్త్రి తూకం గుండు తెచ్చి బండి నిలువు చూడండి. నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తులో బండి సుమారు రెండు సెంటీమీటర్లు కుడివైపుకు, అంటే సైడ్‌కారుకు ఎడంగా వాలి ఉండాలి. మన రోడ్లు ఎడమ అంచుకు దిగి ఉంటాయి కాబట్టి ఆ వాలు రోడ్డు మీదికి వచ్చేసరికి సరిపోతుంది.

ఇంజను మాట చెప్పాలంటే, మీ ఎలక్ట్రాది సుమారు 20 హార్స్‌పవర్. చట్రంతో కలిపి తొట్టి 80, 90 కిలోలు దాటకుండా చేయిస్తే 40, 45 కిలోమీటర్ల వేగంతో లాగుతుంది, అంతకుమించి దాన్ని అడగకండి. గేరుబాక్సు వైపు చెయిన్ స్ప్రాకెట్టుకు ఒక పన్ను తగ్గిస్తే ఎత్తుల్లో క్లచ్చు కాలదు. వెనక చక్రం స్పోకులన్నీ బిగువుగా ఉన్నాయో లేదో మోగించి చూపించుకోండి, పక్కబరువు మొట్టమొదట పడేది వాటి మీదే.

ఘాటుదారి (కడప) జవాబు:

పాతషెడ్డు గారు బ్రేకు సంగతి ఇంకా రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను.

ఆరేళ్ల కిందట నేను ఒక చోట సైడ్‌కారు కట్టించుకున్నాను. దాని చక్రానికి బ్రేకు పెట్టలేదు, బండి బ్రేకులే చాలన్నారు, నేనూ నమ్మాను. ఊళ్లో బాగానే తిరిగాను. ఒకరోజు రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాటు దిగుతున్నాను, తొట్టిలో మా కుక్క ఒక్కటే ఉంది. మలుపు దగ్గర లారీ ఎదురుగా కనబడితే రెండు బ్రేకులూ కలిపి వేశాను. బండి ఆగబోయింది, సైడ్‌కారుకు ఆపేది లేదు కాబట్టి అది ముందుకు పోతూనే ఉంది. ఫలితంగా బండి మొత్తం కుడికి తిరిగి, నేరుగా లారీ దారిలోకి మళ్లింది. లారీ డ్రైవరు పక్కకు కోయడం వల్ల నేను బతికాను. కానీ ఆ విసురుకు మా కుక్క తొట్టి ఎడమ అంచు మీదుగా బయటికి జారింది. గొలుసును నేను మెడపట్టీకి కట్టి ఉన్నాను. అది మెడ మీదనే వేలాడింది. నేను దిగి దాన్ని పైకెత్తేసరికి నాలుక నీలంగా మారింది. ప్రాణం దక్కింది గానీ, పట్టీ కోసిన చోట ఒక వేలు వెడల్పున ఈనాటికీ వెంట్రుక మొలవలేదు. రోజూ దువ్వేటప్పుడు ఆ గీత నా చేతికి తగులుతుంది.

కాబట్టి చీనీతోట గారూ, సైడ్‌కారు చక్రానికి బ్రేకు లేకుండా బండిని రోడ్డు మీదికి తీయకండి. మీ బండికి బ్రేకు పెడలు కుడివైపు, సైడ్‌కారు ఎడమవైపు కాబట్టి కేబులునుగానీ రాడ్డునుగానీ చట్రం కింది నుంచి దాటించాలి. కొంచెం పని ఎక్కువైనా చేయించండి. వెనక డ్రమ్ము పట్టిన కొద్ది క్షణానికి సైడ్‌కారు బ్రేకు పట్టేలా సవరించుకోవాలి. అదే ముందు పట్టిందంటే బండి ఎడమకు ఈడ్చుకుపోతుంది. గేరు వేసి బయలుదేరేటప్పుడు బండి ఎడమకు లాగడం మాత్రం సహజమే, దానికి కంగారు పడకండి.

పశువైద్యం (ప్రొద్దుటూరు) జవాబు:

ఘాటుదారి గారు రాసింది చదివాక నాకు ముందుగా చెప్పాలనిపించిన మాట ఒక్కటే. మెడపట్టీకి కట్టకండి. ఛాతీ చుట్టూ, ముందుకాళ్ల వెనకా వెడల్పాటి పట్టీలతో వచ్చే హార్నెస్ వేసి, దాని వీపు మీది రింగు నుంచి తొట్టి నేలలో ఉన్న రింగులకు రెండు పొట్టి పట్టీలు, కుడికి ఒకటి ఎడమకు ఒకటి కట్టాలి. పొడవు ఎంతంటే, కుక్క లేచి కూర్చోగలగాలి, పడుకోగలగాలి, కానీ ముందుకాళ్లు తొట్టి అంచు మీద పెట్టలేకపోవాలి. ఒక్కో కుక్కకు రింగులు వేరువేరుగా ఉండాలి, లేకుంటే చిన్ని తిరిగే తిరుగుడుకు టైగర్ కాళ్లు చిక్కుకుంటాయి. పట్టీని వదినగారి చేతికి మాత్రం ఇవ్వకండి. పదహారు కిలోల కుక్క దూకితే మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆపలేరు. సీటుకూ కుక్కల అరకూ మధ్య అంచులు మడిచిన జాలీ పెట్టిస్తే ఎవరి చోటు వారిది.

ఎండ విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఎగశ్వాస తీయడమే దానికి చల్లబడే దారి, పాదాల మెత్తల దగ్గర పట్టే చెమట లెక్కలోకి రానంత తక్కువ. దాని సహజమైన ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. టైగర్ నల్లనివాడు, వయసు మీరినవాడు, ఆ రెండూ వేడిని పెంచేవే. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదిలోపు చేరేలా బయలుదేరండి, సాయంత్రం ఆరు దాటాకే తిరగండి. రేకు నేల మీద ఎప్పుడూ కూర్చోబెట్టకండి. ప్లైవుడ్ పలక, దాని మీద ఏడెనిమిది సెంటీమీటర్ల గట్టి ఫోము, పైన గోనెపట్ట వేయండి. రెగ్జిన్ నున్నగా ఉండి కీళ్లనొప్పి కుక్క జారుతుంది, గోనెపట్టకు గోళ్లు పడతాయి. ఎక్కించే ముందు మీ అరచేతి వెనకభాగాన్ని దాని మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీ చెయ్యి ఓర్వలేకపోతే దాని పాదమూ ఓర్వలేదు. మీ బండి సైలెన్సరు కుడివైపు ఉండటం కలిసివచ్చింది గానీ, ఇంజను వేడి ఎడమకూ కొడుతుంది కాబట్టి తొట్టి కుడి గోడకు లోపల మరో పొర వేయించండి. పైన గుడ్డ కప్పు ఉండాలి, పక్కలు గాలికి తెరిచి ఉండాలి. ముందు అద్దం తప్పనిసరి. మట్టిదారిలో ఎగిరే గరుసు కంటిలో పడి, నల్లగుడ్డు మీద పుండైన కుక్కలను నేను చాలా చూశాను. దారిలో చొంగ చిక్కగా కారడం, చిగుళ్లు ఎర్రబడటం, నిలబడితే తూలడం కనబడితే వెంటనే నీడకు చేర్చి, మామూలు నీళ్లతో కడుపూ తొడలూ తడిపి గాలి విసురుతూ పశువైద్యశాలకు తీసుకుపోవాలి.

ఎక్కడానికి, నాలుగడుగుల పలక మీద కొబ్బరిపీచు పట్టా కొట్టించి ఏటవాలుగా ఆనించండి. టైగర్‌ను చంకల కింద పట్టి ఎత్తితే నడుముకు మంచిది కాదు. చిన్నికి తొందరపడకుండా అలవాటు చేయాలి. మొదట తొట్టిని బండికి తగిలించక ముందే ఇంటి ముందర పెట్టి, నాలుగు రోజులు అందులోనే అన్నం పెట్టండి. తరువాత ఇంజను శబ్దం వినిపించండి. ఆ తరువాత వంద అడుగులు నడపండి. ప్రయాణానికి ముందు మూడు నాలుగు గంటలు కడుపునిండా తిండి పెట్టకపోతే వాంతులు తగ్గుతాయి.

ఆర్సీకాగితం (ఆదోని) జవాబు:

చట్టం గురించి తెలిసినంత రాస్తాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(27) ప్రకారం మోటారు సైకిల్ నిర్వచనంలోనే, అదనపు చక్రం ఉండి విడదీయగల సైడ్‌కారు కూడా చేరి ఉంది. విడదీయగల అన్న మాట ముఖ్యం, పాతషెడ్డు గారు వెల్డింగు వద్దని క్లాంపులు చెప్పడం ఇందుకూ పనికివస్తుంది. అయితే సెక్షన్ 52 ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను గట్టిగా నిలబెట్టింది. కాబట్టి పైపు కోయకముందే బొమ్మ గీయించి, కొలతలతో రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి అడగండి. వచ్చిన జవాబు నకలును బీమా కంపెనీకీ పంపండి. సెక్షన్ 128 ప్రకారం ద్విచక్ర మోటారు సైకిల్ మీద నడిపేవారు కాక ఒక్కరే ఉండాలి, మీరు ఇద్దరే కాబట్టి సరిపోయింది, వెనక సీటు మీద మూడో మనిషిని కూర్చోబెట్టకండి. సెక్షన్ 129 కింద తొట్టిలో కూర్చున్న వదినగారికీ హెల్మెట్ ఉండాలి. జంతువులకు బాధ కలిగేలా తరలించడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం, పశువైద్యులు చెప్పినట్టు ఏర్పాటు ఉంటే మీకు ఆ చింత లేదు.

చీనీతోట (అనంతపురం):

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ మాటల ప్రకారం ఆ షాపుకు వద్దని చెప్పి, పాత స్కూటర్లకు సైడ్‌కార్లు కట్టిన ఒక పెద్దాయనను వెతికి పట్టుకున్నాను. బొమ్మ గీయించి రవాణా శాఖకు దరఖాస్తు పెట్టాను, విచారణకు పిలిచారు. అనుమతి కాగితం చేతికి వచ్చేదాకా రోడ్డెక్కకూడదని, బండినీ తొట్టినీ ట్రాక్టరు ట్రాలీలో తోటకు చేర్చి, అక్కడి కళ్లంలో బిగించుకున్నాము. తొట్టి చట్రంతో సహా 86 కిలోలు తూగింది. దారం లాగి చూస్తే తేడా మొదట 34 మిల్లీమీటర్లు వచ్చింది, సవరించి 18కి తెచ్చాము.

ఒక ఇబ్బంది మిగిలింది. ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల వేగం దగ్గర హ్యాండిల్ రెండు పక్కలకూ గడగడ ఆడుతోంది. గట్టిగా పట్టుకుంటే ఆగుతోంది, వేగం పెరిగితే పోతోంది. ఎడమ మలుపులో ఖాళీ తొట్టి ఒకసారి జానెడు లేచింది కూడా. ఇసుక మూట వేసుకున్నాక లేవలేదు.

పాతషెడ్డు (కర్నూలు):

ఆ ఆట సైడ్‌కారు బండ్లకు మామూలే. ముందుగా హ్యాండిల్ బేరింగు బిగువు చూడండి. వదులుగా ఉంటే సరిచేయించి, తరువాత ముందు టైరు గాలి, స్పోకులు చూడండి. అప్పటికీ ఉంటే హ్యాండిల్‌కూ చట్రానికీ మధ్య స్టీరింగ్ డ్యాంపరు (హ్యాండిల్ ఊగకుండా ఆపే పరికరం) ఒకటి పెట్టించండి. కొందరు ముందు ఫోర్కు కోణమే మార్పిస్తారు, దానివల్ల హ్యాండిల్ తేలికవుతుంది గానీ, అది నిపుణుల చేతి పని, పైగా మళ్లీ అనుమతి అవసరం. మీరు పోయే దూరానికి డ్యాంపరు చాలు.

తొట్టి లేచినప్పుడు ఏం చేశారో రాయలేదు. ఆ క్షణంలో బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటరు నెమ్మదిగా వదులుతూ, హ్యాండిల్‌ను కాస్త కుడికి సడలించి, ఒళ్లు ఎడమకు వంచండి, అది తనంతట తాను దిగుతుంది. కుడికి సడలిస్తే రోడ్డు మీద ఎదురు వరసలోకి పోతారు కాబట్టి, మలుపుకు ముందే వేగం తగ్గించడం ఒక్కటే సరైన దారి. కళ్లంలో రెండు ఖాళీ డ్రమ్ములు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకెలా రోజూ అరగంట తిరగండి. కుక్కలను ఎక్కించడానికి ముందు వాటి బరువుకు సమానంగా రెండు ఇసుక మూటలను వాటి చోట్లో కట్టి పది రోజులు నడపండి. గుంతను బండి చక్రాలు తప్పించుకుంటే సైడ్‌కారు చక్రం అందులో పడుతుంది, మూడు చక్రాల దారీ చూసుకునే అలవాటు ఆ పది రోజుల్లోనే రావాలి. ఎడమ చివరన ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం పెట్టించారా? చీకట్లో ఎదురుగా వచ్చేవాడు మీది ఒంటి బండి అనుకుని పక్కనే దూరిపోతాడు.

చీనీతోట (అనంతపురం):

దీపాలు పెట్టించాను అన్నా. బేరింగే వదులుగా ఉంది. బిగించి, డ్యాంపరు కూడా వేశాక ఆట పోయింది. ఇసుక మూటలతో పన్నెండు రోజులు కళ్లంలోనూ, మా తోట గట్ల వెంబడీ తిరిగాను.

నిన్న మొదటిసారి టైగర్‌ను ఎక్కించాము. పలక మీద ముందుకాళ్లు రెండూ పెట్టి, ఆగి, వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. మా ఆవిడ ముందే సీటులో కూర్చుని పిలవగానే మెల్లగా ఎక్కి, గోనెపట్టను రెండుసార్లు కాలితో గోకి పడుకున్నాడు. నేను పదిహేను కిలోమీటర్ల వేగంతో కళ్లం చుట్టూ నాలుగు సార్లు తిరిగాను, వాడు తల ఎత్తలేదు. చిన్ని ఇంకా తొట్టిలో అన్నం తినే దశలోనే ఉంది, ఇంజను మోత వినగానే దిగిపోతోంది, దానికి ఇంకో వారం పడుతుంది. పై బిగింపుల్లో ఒకదాని చెక్ నట్టు అరచుట్టు వదులైంది, రాత్రే బిగించాను. ఆదివారం పెద్దాయన వస్తానన్నారు, మా ఆవిడనూ కుక్కల మూటలనూ కూర్చోబెట్టి దారం మళ్లీ లాగి, ఆ 18 అలాగే ఉందో మారిందో ఇక్కడ రాస్తాను.